పత్తి కాటాతో బిగించిన సైకిలు



ముందే చెప్తున్నా, ఇది పెద్ద పోస్టు, పైగా పంట సంగతి కాదు. గులాబీ పురుగు మీద రాస్తానని మాటిచ్చాను, అది వచ్చే వారం. లింగాకర్షక బుట్టల్లో పడినవి లెక్కపెట్టి రాస్తాను, ఊరికే చెప్తే మీరూ ఒప్పుకోరు. ఈ రోజు సైకిలు సంగతి. సరిగ్గా చెప్పాలంటే, మా అబ్బాయి సైకిలుకి నేను చేసిన పాడు పని సంగతి. ఎందుకు రాస్తున్నానంటే, ఈ కొత్తరకం సైకిళ్లు ఇప్పుడు మన ఊళ్లకీ వస్తున్నాయి. సిటీలో వాళ్లు రెండేళ్లు తొక్కి అమ్మేస్తే మన పిల్లలు కొనుక్కుంటున్నారు. ముందు కటకటమంటే మన దగ్గరకే తెస్తారు. మన చేతిలో సుత్తి ఉంటుంది.

మా అబ్బాయిది హైదరాబాదులో ఉద్యోగం. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని నడుం పట్టేస్తే, డాక్టరు నడవమన్నాడు, వీడు సైకిలు కొన్నాడు. కొత్తది కాదు, సెకండ్ హ్యాండ్‌దే. మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు ఒక చేత్తో లేపి చూశాను. 9 కిలోలట. యూరియా బస్తాలో ఐదో వంతు. "దీని మీద మనిషి ఎక్కొచ్చా?" అన్నాను. నవ్వాడు. బాడీ అల్యూమినియం, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మాత్రం కార్బన్. వెంట్రుక కంటే సన్నటి నల్ల పోగుల్ని గుడ్డలాగా పరిచి, పొర మీద పొర వేసి, మధ్యలో జిగురు పట్టించి, అచ్చులో పెట్టి వేడి చేస్తారు. పంచెకి గంజి పెట్టి ఎండేస్తే అట్టలాగా నిలబడుతుంది చూడండి, ఆ పద్ధతే. కాకపోతే ఆ గంజి ఇక మెత్తబడదు. పోగు పొడుగునా లాగితే దాని బలం ముందు ఇనుము కూడా తక్కువే. పక్కనుంచి మొనదేలిన దానితో పొడిస్తే మాత్రం ఆ బలం అక్కరకి రాదు. ఈ ఆఖరి మాట నాకు అప్పటికి తెలియదు.

వాడు సరదాకి తొక్కేవాడైతే ఇంత గొడవ లేదు. బ్రెవే అని ఒకటుంది, ఫ్రాన్సు వాళ్లు పెట్టిన పద్ధతి. పోటీ కాదు, ఫస్టు సెకండు ఉండదు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో తొక్కాలి. 300 అయితే 20 గంటలు, 400 అయితే 27, 600 అయితే 40. దారిలో సైకిలు చెడితే ఎవడి బాగు వాడే చేసుకోవాలి. వీడు 200 ఒకటి పూర్తి చేశాడు. 300కి పేరిచ్చాడు. అందులో కొంత దూరం చీకట్లో, లారీల మధ్య పోవాలి. వాళ్లమ్మకి ఈ సంగతి సగమే చెప్పాం.

దీపావళికి వచ్చినప్పుడు సైకిలు కూడా బస్సు డిక్కీలో వేసుకొచ్చాడు. ముందు బ్రేకు వేస్తే హ్యాండిలు కింద మెడ దగ్గర టక్కుమంటోంది. కంకర మీద పోతే కటకట. హ్యాండిలు తిప్పితే నట్టనడుమ ఒకచోట పట్టేస్తోంది. నేను చెయ్యి వేయగానే చెప్పాను, బేరింగులు పోయాయిరా అని. "తెలుసు నాన్నా, కొత్త హెడ్‌సెట్టు తెచ్చా, రేపు తీరిగ్గా మారుద్దాం" అన్నాడు. హెడ్‌సెట్టు అంటే మెడ గొట్టంలో ఫోర్కు తిరగడానికి పైన ఒకటి, కింద ఒకటి ఉండే బేరింగులు, వాటి రింగులు, మూత, అన్నీ కలిపి ఆ పేరు. మన పాత సైకిళ్లకీ ఉంది. హ్యాండిల్ కప్పులు, బాల్సు అనేవాళ్లం.

నాకు చెయ్యి దురద పెట్టడానికి కారణం ఉంది. ఇంటరు అయ్యాక రెండేళ్లు మా మేనమామ సైకిలు షాపులో ఉన్నాను. 1988, 89. గంటకింత అని అద్దెకిచ్చే సైకిళ్లు పదకొండు ఉండేవి. హ్యాండిల్ కప్పులు విప్పడమంటే ఒక తంతు. కింద గోనెసంచి పరవాలి, లేకపోతే బాల్సు దుమ్ములో పడి దొర్లిపోతాయి. డీజిల్లో కడిగి, కప్పు నిండా గ్రీజు పెట్టి, ఒక్కొక్క బాలు అంటించి, ఫోర్కు ఎక్కించాలి. ఫోర్కు గొట్టానికి పైన మర ఉంటుంది. పై కప్పుని ఆ మర మీద ఆట పోయేదాకా బిగించి, ఒక పిసరు వెనక్కి వదిలి, ఆ మీద చెక్‌నట్టు వేసి పట్టెయ్యాలి. చెక్‌నట్టే ప్రాణం. ఇక కింది రింగు ఫోర్కు మీదకి ఎక్కాలంటే గొట్టం ముక్క తొడిగి సుత్తితో కొట్టేవాళ్లం. రింగు అడుక్కి కూర్చోగానే ఠంగుమనే మోత మారుతుంది. మా మావయ్య అటు తిరిగి బీడీ కాల్చుకుంటూ ఆ మోత విని "చాల్లే" అనేవాడు.

ఒకసారి పాలాయన సైకిలు ఎద్దుల బండికి గుద్దుకుని ఫోర్కు వెనక్కి వంగిపోయింది. మావయ్య దాన్ని చింతమొద్దు సందులో ఇరికించి, పొడుగు పైపు తొడిగి, లాగి సరిచేశాడు. ఆ సైకిలు ఆ తర్వాత ఏళ్ల తరబడి పాలక్యాన్లు మోసింది. నా బుర్రలో ఫోర్కు అంటే అది.

మర్నాడు పొద్దున వాడు వాళ్లమ్మని కళ్లు చూపించడానికి టౌనుకి తీసుకెళ్లాడు. నేను పొలం నుంచి తొమ్మిదిన్నరకి వచ్చాను. వరండాలో సైకిలు, పక్కన కొత్త డబ్బా. వాళ్లొచ్చేసరికి చేసి పెడదాం, వాడే ఆశ్చర్యపోతాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే వాడికి సాయం కంటే, నాకూ ఒక పని వచ్చని చూపించుకోవాలనే ఎక్కువ. వాడు ఆఫీసులో చేసేది నాకు అర్థం కాదు. నేను పొలంలో చేసేది వాడికి అక్కర్లేదు. ఇద్దరికీ తెలిసిన పని ఇన్నాళ్లకి ఒకటి దొరికింది.

విప్పడం తేలిక. దీనికి చెక్‌నట్టు లేదు, గొట్టానికి మరే లేదు. హ్యాండిలుని ఫోర్కు గొట్టానికి పట్టించే ముక్కని స్టెమ్ము అంటారు, దానికి రెండు ఎల్లన్ కీ బోల్టులు. పైన చిన్న మూత, దానికొక బోల్టు. పక్క బోల్టులు వదులు చేసి, మూత తీసి, స్టెమ్ము లాగితే ఫోర్కు జారి చేతిలోకొచ్చింది. పాత బేరింగులు తుప్పు పట్టి ఎర్రటి బురద కక్కాయి. ఇప్పటి బేరింగుల్లో బాల్సు విడిగా ఉండవు, మూసేసిన చుట్టలాగా ఒకే ముక్క. కొత్తవి పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది.

ఫోర్కు గొట్టం లోపల ఒక ప్లగ్గు ఉంది. చూస్తే నాకు ముందు కొన్నవాడెవడో ఇరికించిన అతుకుల పనిలా అనిపించింది. పైగా కొత్త డబ్బాలో ఒక స్టార్ నట్టు మిగిలింది. నట్టు చుట్టూ ఉక్కు రేకులు, పూలరెక్కల్లాగా పైకి వంగి ఉంటాయి. గొట్టంలోకి దిగుతుంది గాని వెనక్కి రాదు, రెక్కలు గోడని కరుచుకుంటాయి. చేపల గాలం ముల్లు లాగా. కొత్త డబ్బాలో సామాను మిగిలితే మెకానిక్కుకి మనసు ఊరుకోదు కదా. ఇదీ అసలుది అనుకుని ప్లగ్గు పీకేశాను. స్టార్ నట్టుని గొట్టం మూతి మీద నిలబెట్టి, దానికి పాత బోల్టు ఎక్కించి, సుత్తితో కొట్టాను.

ఇనపగొట్టం అయితే ఠంగుమంటుంది. ఇది టప్పుమంది, ఎండు కొబ్బరిచిప్పని కొట్టినట్టు. రెండో దెబ్బకి లోపల ఎక్కడో చిటుక్కుమంది. ఆ చిటుకు నేను విన్నాను. విని కూడా మూడో దెబ్బ వేశాను. మిగతాదంతా తెలియక చేశానని చెప్పుకోవచ్చు గాని, ఆ మూడో దెబ్బ అలా కాదు.

పదకొండింటికి వచ్చారు. సైకిలు స్తంభానికి ఆనించి ఉంది, హ్యాండిలు వెన్నలాగా తిరుగుతోంది. వాడు ముందు "అప్పుడే అయిపోయిందా నాన్నా" అని సంబరపడ్డాడు. తర్వాత నేల మీద ప్లగ్గు చూశాడు.

"ఇది బయటెందుకుంది?"

"అది తీసేసి అసలు నట్టు వేశా. డబ్బాలోనే వచ్చిందిగా."

ఏమీ మాట్లాడలేదు. మూత విప్పి ఫోను లైటు వేసి గొట్టంలోకి చూశాడు. నన్నూ చూడమన్నాడు. నల్లటి గోడ మీద పైనుంచి కిందకి తెల్లటి గీతలు, రెక్కకొకటి. ఒక గీత పక్కన పొర లేచి ఉంది, ఎండు తాటాకు అంచు చీలినట్టు.

"దీన్నిక తొక్కకూడదు నాన్నా."

నేను ఊరుకున్నానా. "ఏం విరిగిందిరా? బయట ఒక్క గీత లేదు" అని ముందు చక్రం కాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిలు గుంజి చూపించాను. కదల్లేదు. వాడు కోప్పడితే నేనూ అరిచేవాణ్ణి, అక్కడితో తేలిపోయేది. కోప్పడలేదు. నేల మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. స్టెమ్ము సరిగ్గా ఆ గీతలున్న చోటే గొట్టాన్ని బయటనుంచి పట్టుకుంటుందట. తొక్కేవాడి చేతుల బరువు, బ్రేకు వేసినప్పుడు ఒళ్లు ముందుకి తూలే బరువు, అంతా అక్కడే. ప్లగ్గుకి రెండు పనులు. మూత బోల్టు పట్టుకోవడానికి ఆధారం కావడం ఒకటి. స్టెమ్ము బయటనుంచి నొక్కినప్పుడు గోడ నలగకుండా లోపలనుంచి ఆనుడు ఇవ్వడం రెండోది. నేను ఆ ఆనుడు తీసేసి దాని చోట కత్తులు దింపాను. స్టార్ నట్టు ఇనుము, అల్యూమినియం గొట్టాలకే. హెడ్‌సెట్టు తయారుచేసేవాడికి మన ఫోర్కు దేనితో చేసిందో తెలియదు కాబట్టి దాన్నీ డబ్బాలో వేసి పంపుతాడు.

"విరిగితే ఏమవుద్ది?" అన్నాను.

"హ్యాండిలు చేతిలోకొస్తది."

మా ఆవిడ కళ్లలో మందు చుక్కలు వేసుకుని లోపల పడుకుని ఉంది. అక్కణ్ణుంచే "ఏంది చేతిలోకొచ్చేది?" అని అడిగింది. ఇద్దరం ఏమీ లేదన్నాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్త ఫోర్కు 14,000 రూపాయలని చెప్పాడు. రెండు క్వింటాళ్ల పత్తి. డబ్బు ఇస్తానంటే వద్దన్నాడు, అది ఇంకా బాధ. అయినా లోపల ఒక మూల, వీడు అతి చేస్తున్నాడేమో, ఈ కాలం పిల్లలకి ప్రతిదీ భయమే అన్న అనుమానం పోలేదు. పాలాయన ఫోర్కు గుర్తొస్తుంది కదా. నెల దాటకుండా ఉన్న 300 వాడు వదిలేసుకున్నాడు. ఆ ఆదివారం పొద్దున ఫోను చేస్తే గదిలోనే ఉన్నాడు. "పోలేదా?" అని అడగబోయి ఊరుకున్నాను.

మూడు వారాలకి మళ్లీ వచ్చాడు. సంచిలో కొత్త ఫోర్కు, ఇంకా బిగించలేదు. హైదరాబాదులో ఈ పని చేసే షాపులు బోలెడున్నాయి, అక్కడ అరగంట పని. ఇక్కడిదాకా ఎందుకు మోసుకొచ్చాడో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. "నాన్నా, గోనెసంచి ఉందా?" అన్నాడు.

కొత్త ఫోర్కు గొట్టం పొడుగ్గా వస్తుంది, మన సైకిలుకి తగ్గట్టు కోసుకోవాలి. వాడు ముందు కోత పాత ఫోర్కు మీద అలవాటు చేసుకుందామన్నాడు. ఎటూ దాన్ని ముక్కలు చేసి పారేయాలి, లేకపోతే ఎవరో ఒకరు ఏరుకుని బిగించుకుంటారు. సరే అని నేనే బ్లేడు పట్టుకున్నాను. స్టార్ నట్టుకి రెండు వేళ్ల కింద కోశాం. ముక్క ఊడింది. కోసిన మొహం తుడిచి చూస్తే, గోడ పొరలు పొరలుగా కనపడుతోంది, పుస్తకం అంచు లాగా. ఒక పక్కన ఆ పొరల మధ్య సన్నటి సందు. కోత దగ్గరే ఉందేమో అని ఇంకో వేలు కింద మళ్లీ కోశాను. అక్కడా ఉంది. వేలి గోరు దూరుతోంది. నట్టు ఉన్న చోటు నుంచి అంత కిందకి పాకింది. బయట నల్ల రంగు మీద మాత్రం ఒక్క గీత లేదు, నిగనిగలాడుతోంది.

మోటారు దగ్గర పీవీసీ పైపు మీద క్లాంపు అతిగా బిగిస్తే ఏమవుద్దో మనకి తెలుసు. ఆ రోజు పగలదు. కారదు. రెండు నెలలకి, ఒక రాత్రి, కరెంటు వచ్చి నీటి దెబ్బ తగలగానే నిలువునా చీలుతుంది. ఇనుము అయితే ముందు వంగుతుంది, మనకి కనపడుతుంది. ఇది వంగి చూపించదు. మా మావయ్య చెవి కూడా ఇక్కడ పనికొచ్చేది కాదు. కాదులే, వచ్చేదేమో. ఆ చిటుకు విని ఆయన ఆగిపోయేవాడు.

ఆ ముక్క చేతిలో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. వాడు టీ తెచ్చిచ్చాడు.

ఇక అసలు పని. ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నా. ముందు కొయ్యకుండానే అన్నీ తొడిగి చూడాలి. కింది రింగు, కింది బేరింగు, పైది, పై రింగులు, స్పేసర్లు, స్టెమ్ము, ఆ మీద ఇంకో 5 మిల్లీమీటర్ల స్పేసరు. స్టెమ్ము పైన ఆ స్పేసరు ఎందుకంటే, స్టెమ్ము పట్టు మొత్తం గొట్టం మీదే పడాలి, గొట్టం అంచు దగ్గర నలపకూడదు. గొట్టం పై అంచు ఆ స్పేసరు అంచుకి 3 మిల్లీమీటర్లు కిందకి ఉండాలి. సమానంగా ఉంటే మూత వెళ్లి గొట్టాన్నే తాకుతుంది, ఎంత తిప్పినా బేరింగు ఆట పోదు. గుర్తు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ తొడిగి, రెండోసారి కొలిచాం. పొడుగైతే ఇంకోసారి కోసుకోవచ్చు, పొట్టిదైతే ఇంకో 14,000.

కోత చోట కాగితం టేపు చుట్టాం. పారేసే వైపు డ్రిప్పు పైపు క్లిప్పు ఒకటి తొడిగి, దాని అంచే దారి చేసుకున్నాం. ఉంచుకునే వైపు క్లిప్పు పెట్టొద్దు, మళ్లీ నా పనే అవుతుంది. హాక్సా బ్లేడు సన్నపళ్లది, అంగుళానికి 32 పళ్లు. మూతికి తువ్వాలు. కార్బన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అందుకని నేను కోస్తుంటే వాడు నీళ్లు చుక్కలుగా పోశాడు. నొక్కకుండా, బ్లేడు బరువుతోనే. చివరికి వచ్చాక గొట్టం తిప్పి అవతలి వైపునుంచి కోయాలి, లేకపోతే పచ్చి వెదురు విరిచినట్టు ఆఖరి పోగులు పేలుతాయి. తర్వాత ఉప్పు కాగితంతో అంచు నున్నగా చేశాం, తడిపే.

కింది రింగు దగ్గర నా చెయ్యి సుత్తి వైపు పోయింది. అలవాటు. వాడు చూసి నవ్వాడు. ఈ రింగుకి ఒకచోట చీలిక ఉంది, చేత్తో నొక్కితే కూర్చుంది. బేరింగు దగ్గర ఒక సంగతి చూసుకోవాలి. దాని మీద 36, 45 అని అంకెలుంటాయి, లోపలి అంచు, బయటి అంచు ఎన్ని డిగ్రీల ఏటవాలో చెప్పేవి. రెండు పక్కలా 45 ఉండేవీ ఉన్నాయి. సైజు ఒకటే కదా అని ఒకదాని బదులు ఇంకోటి పెడితే దిగుతుంది గాని అంచు మీద నిలబడుతుంది, నెలలో కటకట మొదలు. తలకిందులుగా పెట్టినా అంతే. బేరింగు కూర్చునే చోట పలచగా గ్రీజు పూశాం, నీళ్లు దిగకుండా.

స్టెమ్ము పట్టే చోట మాత్రం గ్రీజు రాయకూడదు, జారుతుంది. దానికి వేరే పేస్టు ఉంది, చిన్న ప్యాకెట్టు. వేళ్ల మధ్య నలిపి చూస్తే గరగరలాడింది. "గ్రీజులో ఇసుక కలిపి అమ్ముతున్నారేంట్రా" అన్నాను. రెండేళ్లు ఇసుక పడకుండా గోనెసంచి పరిచినవాణ్ణి కదా. అదే దాని పనట, గరుకు వల్ల తక్కువ బిగింపుతోనే జారకుండా పట్టుకుంటుంది.

ప్లగ్గు ఈసారి దాని చోట అది. స్టెమ్ము ఎక్కడ పట్టుకుంటుందో లోపల అక్కడ ఉండేలా. తర్వాత మూత బోల్టు. పాత లెక్కలో నేను దాన్నే చెక్‌నట్టు అనుకుని ప్రాణం పోయేట్టు బిగించేవాణ్ణి. ఇది అది కాదు. ఇది బేరింగుల్లో ఆట తీసెయ్యడానికే. ట్రాక్టరు ముందు చక్రం హబ్బు బిగించినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆట పోవాలి, చక్రం తేలిగ్గా తిరగాలి, అంతవరకే. కొంచెం తిప్పడం, ముందు బ్రేకు పట్టి సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపడం, మెడ అతుకు దగ్గర వేలు పెట్టి కదులుతుందేమో చూడటం. మళ్లీ కొంచెం. ముందు చక్రం లేపితే హ్యాండిలు దానంతటదే పక్కకి వాలాలి. ఫోర్కు ఊడిపోకుండా పట్టుకునేది పక్కనున్న స్టెమ్ము బోల్టులు. అవి మూత తర్వాతే బిగించాలి. అవి బిగించి ఉండగా మూత తిప్పితే ఏమీ కదలదు, ప్లగ్గు మాత్రం పైకి వస్తుంది.

స్టెమ్ము మీద సన్నటి అక్షరాల్లో 5 న్యూటన్ మీటర్లు అని రాసుంది. అంతకు మించొద్దని. దానికి టార్క్ రెంచి కావాలి. వాడు సంచి తడిమాడు. అది హైదరాబాదు గదిలో మంచం కింద ఉంది. "చేతి అంచనాతో బిగించి అక్కడికెళ్లాక చూసుకుంటా" అన్నాడు. అంచనా అనే మాట వినగానే నా కడుపులో తిప్పింది. పోయినసారి అంచనా నాదే.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంటర్లో భౌతికశాస్త్రం సారు గోడ మీద గీసిన బొమ్మ. తలుపు, గొళ్లెం, ఎంత దూరంలో ఎంత బలం. న్యూటన్ మీటరు అంటే అదే కదరా అన్నాను. ఒక కిలో బరువు అంటే 9.8 న్యూటన్లు. కీ మీద బోల్టు నడుమ నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర 7 కిలోలతో లాగితే 4.8 న్యూటన్ మీటర్లు. వాడు ఫోనులో లెక్క కట్టి చూసి, నా వైపు చూశాడు. నేను లోపలికెళ్లి పత్తి కాటా తెచ్చాను. కూలీలు తీసిన పత్తి తూచే కొక్కెం కాటా, డిజిటల్‌ది.

ఎల్లన్ కీ పొట్టి చివర బోల్టులో పెట్టి, పొడుగు కాడ మీద 7 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, పురికొస ముడేసి, కాటా కొక్కెం తగిలించాం. కాడకి నిలువుగా, అంటే సరిగ్గా మూలమట్టంగా లాగాలి, వాలితే లెక్క తప్పుతుంది. వాడు సైకిలు పట్టుకున్నాడు, నేను లాగాను. రెండు బోల్టులూ ఒకేసారి కాదు, ఇది 3 కిలోల దాకా, అది 3 దాకా, ఇది 5, అది 5, చివరికి 7. 7 కిలోలంటే చేతికి ఏమీ కాదు అన్నలూ. నా చేతికి వదిలేస్తే నేను ఇంకా సగం తిప్పేవాణ్ణి, అప్పుడు గాని నాకు గట్టిగా ఉన్నట్టు అనిపించదు. అదే వాడికి చెప్పాను. "అందుకే ఆ అంకె రాస్తారు నాన్నా" అన్నాడు.

ఈ కాటా లెక్క చూసి టార్క్ రెంచి కొనకుండా ఉండొద్దు. కిలోలని సెంటీమీటర్లతో హెచ్చవేసి పదితో భాగిస్తే దాదాపు న్యూటన్ మీటర్లు వస్తాయి, అవసరానికి గుర్తుపెట్టుకోండి. మీ స్టెమ్ము మీద ఏ అంకె ఉంటే అదే, నాది చూసి 5 అనుకోవద్దు. కాటా కూడా ముందు తెలిసిన బరువుతో సరిచూసుకోండి. మాది ఐదు కిలోల రాయికి ఐదే చూపించింది, కావాలంటే కూలీల్ని అడగండి.

సాయంత్రం వాడు కాలవ కట్ట మీద అటూ ఇటూ తొక్కొచ్చాడు. నేను వేలు పెట్టి చూశాను, ఆట లేదు. వాడెళ్లాక రెండు రోజులకి వాయిస్ మెసేజి పెట్టాడు. రెంచిని 5 మీద పెట్టి చూశాడట, బోల్టు కదలకుండానే టిక్కుమందట. ఆ మెసేజి నాలుగుసార్లు విన్నాను. మా ఆవిడ "ఏందది అన్నిసార్లు?" అంటే ఈసారి కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, నట్టు, చిటుకు, మూడో దెబ్బ, హ్యాండిలు చేతిలోకి రావడం, రాత్రి తొక్కుడు, అన్నీ. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ కోసిన ముక్క ఎక్కడుందో చూపించమంది. గోరు దూర్చి చూసింది.

ఈ శనివారం వాడు 300 తొక్కుతున్నాడు. పొద్దున ఆరింటికి మొదలు, ఆదివారం తెల్లవారుజామున రెండింటిలోపల అయిపోవాలి. ఫోను పక్కనే పెట్టుకుంటాం.

రేపు మాకు రెండో తీత. కూలీలు ఏడింటికల్లా వస్తారు. కాటా కొక్కానికి ఆ పురికొస ముడి ఇంకా అట్లాగే ఉంది, పొద్దున్నే విప్పాలి.